పిల్లల భద్రతపై అనుమానం వస్తే అధికారుల చేత విచారణ జరిపించడం ఎలా?

ఒక పిల్ల గురించో పిల్లవాడి గురించో ఆందోళన కలిగి పోలీస్ స్టేషన్‌కో ప్రభుత్వ కార్యాలయానికో వెళ్లినవారికి సాధారణంగా ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ పిల్లకు మీరేమవుతారని అడుగుతారు, సాక్ష్యం ఏముందని అడుగుతారు, అసలు ఇది మా పరిధిలోకి వస్తుందా అని సందేహం వెలిబుచ్చుతారు. వీటికి ఏం చెప్పాలో తెలియక చాలామంది వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోతారు. నిజానికి ఫిర్యాదు చేయడానికి చట్టం బంధుత్వం అడగదు. సాక్ష్యాలు సేకరించే పని మీ మీద పెట్టదు. విషయం తమ దాకా వచ్చిన తరువాత ఏ అధికారి ఎన్ని గంటల్లో, ఎన్ని రోజుల్లో ఏం చేయాలో మాత్రం స్పష్టంగా రాసిపెట్టింది. ఆ గడువులు తెలిసి ఉంటే మీ పని సగం తేలికవుతుంది. హైదరాబాద్, దాని చుట్టుపక్కల ఉండేవారిని దృష్టిలో పెట్టుకుని ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా: నేరం వేరు, రక్షణ వేరు

అన్నిటికంటే ముందు గ్రహించవలసిన విషయం ఒకటుంది. పిల్లలకు సంబంధించిన ఏ ఫిర్యాదు మీదనైనా చట్టప్రకారం రెండు పనులు సమాంతరంగా జరగాలి. నేరం చేసినవారిపై కేసు పెట్టి దర్యాప్తు చేయడం మొదటిది. అది పోలీసుల, మేజిస్ట్రేటు పని. పిల్లను ప్రమాదం నుంచి తప్పించి, ఆమె పరిస్థితిని విచారించి, ఎవరి దగ్గర ఉంచాలో నిర్ణయించడం రెండోది. అది 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద జిల్లాకొకటి చొప్పున ఏర్పడిన బాలల సంక్షేమ కమిటీ పని. దీన్ని వాడుకలో సీడబ్ల్యూసీ అంటారు. ఒక అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు, నలుగురు సభ్యులు ఉండే ఈ కమిటీకి మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలున్నాయి. నెలకు కనీసం 20 రోజులు సమావేశం కావాలని చట్టం చెబుతోంది.

మొదటి పని ఆగిపోయినంత మాత్రాన రెండోది ఆగదు. ఎఫ్‌ఐఆర్ కాలేదు కనుక పిల్ల సంగతి మేం చూడలేం అని ఎవరైనా అంటే అది తప్పు. సంరక్షణ అవసరమైన పిల్ల ఉన్నదని నివేదిక అందగానే కమిటీ విచారణ జరిపి తీరాలని ఆ చట్టం 36వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అందులో ఎఫ్‌ఐఆర్ ప్రసక్తే లేదు. స్టేషన్‌లో గంటల కొద్దీ వాదించి అలసిపోయేవారు ఎక్కువగా ఈ రెండో దారి సంగతి తెలియనివారే.

మాట తేలికగా అర్థం కావడానికి ఒక ఊహాజనిత సందర్భాన్ని తీసుకుందాం. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, ఊరి నుంచి తెచ్చుకున్న 11 ఏళ్ల పిల్ల చేత ఇంటిపనంతా చేయిస్తున్నారు. బడికి పంపడం లేదు. ముంజేతి మీద కాలిన మచ్చ ఉంది. చెత్త డబ్బా కిందకు తెచ్చినప్పుడు తప్ప ఆ పిల్ల ఎవరికీ కనబడదు.

చూసింది రాసుకోండి, పిల్లను ప్రశ్నించకండి

కాగితం తీసుకుని తేదీ, సమయం వేసి, మీరు కళ్లారా చూసినదాన్ని, చెవులారా విన్నదాన్ని మాత్రమే రాయండి. ‘వాళ్లు ఆ పిల్లను హింసిస్తున్నారు’ అన్నది మీ అభిప్రాయం. ‘ఉదయం 5.30కు బాల్కనీలో గిన్నెలు తోముతోంది; ఎడమ ముంజేతి మీద సుమారు రెండంగుళాల కాలిన మచ్చ, ఇంకా పచ్చిగా ఉంది’ అన్నది సమాచారం. విచారణకు వచ్చే అధికారికి పనికొచ్చేది ఇదే. పిల్ల తనంతట తాను ఏదైనా చెబితే ఆ మాటలను ఆమె యాసతో సహా ఉన్నదున్నట్టు రాసుకోండి. మీరుగా గుచ్చిగుచ్చి అడగడం మాత్రం మంచిది కాదు. ఒకే విషయాన్ని నలుగురూ నాలుగు రకాలుగా అడిగితే పిల్ల భయపడుతుంది. రేపు కోర్టులో ‘ఎవరో నేర్పించారు’ అనే వాదనకూ అవకాశం దొరుకుతుంది.

ఫొటో తీయడం వరకు సరే, దాన్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం నేరమవుతుంది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టగల చిత్రం ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మంచి ఉద్దేశంతో పెట్టామన్నది సమర్థన కాదు. అసభ్య చిత్రం లేదా వీడియో మీ ఫోన్‌కు వస్తే మరింత జాగ్రత్త అవసరం. దాన్ని ఇంకొకరికి పంపకుండా, వెంటనే ఫోన్ పట్టుకుని పోలీసుల దగ్గరకు వెళ్లండి.

ఎవరికి చెప్పాలి, ఏ జిల్లాకు చెప్పాలి

పిల్ల ప్రాణానికి ఇప్పటికిప్పుడు ముప్పు ఉందనిపిస్తే రాతకోతల కోసం ఆగకండి. 112కు గాని, పిల్లల సహాయ నంబరు 1098కి గాని ఫోన్ చేయండి. 2023 నుంచి 1098 ప్రభుత్వ యంత్రాంగం చేతికి వచ్చి 112తో ముడిపడింది. అందువల్ల అత్యవసరమని చెబితే పెట్రోలింగ్ సిబ్బందే ముందు వస్తారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదు. కానీ ఫోన్ చేసిన సమయం, వారిచ్చిన ఫిర్యాదు నంబరు, మాట్లాడినవారి పేరు తప్పనిసరిగా రాసుకోండి. తరువాతి మెట్లన్నీ ఆ నంబరు మీదే నిలబడతాయి.

అంత అత్యవసరం కాకపోతే రాతపూర్వక ఫిర్యాదే మేలు. ఇక్కడ మన నగరంలో ఒక చిక్కు ఉంది. పోలీసు కమిషనరేట్ల హద్దులు వేరు, రెవెన్యూ జిల్లాల హద్దులు వేరు. సీడబ్ల్యూసీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగం రెవెన్యూ జిల్లాను బట్టి పనిచేస్తాయి. అందరం హైదరాబాదీలమే అనుకుంటాం గాని, కూకట్‌పల్లి, ఉప్పల్, మల్కాజిగిరి వాసుల కమిటీ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాది. ఎల్బీనగర్, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి వారిది రంగారెడ్డి జిల్లాది. అమీన్‌పూర్, పటాన్‌చెరు దాకా వెళితే అది సంగారెడ్డి జిల్లా. కూకట్‌పల్లి పిల్ల గురించి హైదరాబాద్ జిల్లా కమిటీకి రాస్తే కాగితం బదిలీ అయి వెళుతుంది గాని, విలువైన రోజులు పోతాయి. మీ ప్రాంతం ఏ మండలం, ఏ జిల్లా కిందకు వస్తుందో ముందే చూసుకుంటే ఈ తిప్పలుండవు.

పోలీసులకు మాత్రం పరిధి సాకు చెప్పే వీలు లేదు. కేసుల నమోదు, దర్యాప్తు పద్ధతులను నిర్దేశిస్తూ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరం (మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగినది) ఎక్కడ జరిగినా, సమాచారం ఏ స్టేషన్‌లో ఇచ్చినా నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. నమోదు చేసి, సంబంధిత స్టేషన్‌కు పంపుకోవడం వారి పని. ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్‌ఐ హోదాకు తగ్గని ఒక అధికారి బాలల సంక్షేమ పోలీసు అధికారిగా ఉండాలని బాలల న్యాయ చట్టం 107వ సెక్షన్ చెబుతోంది. స్టేషన్‌కు వెళ్లగానే ‘ఇక్కడ బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరండీ?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతోనే ఎదుటివారి ధోరణి మారడం మీరు గమనిస్తారు.

ఫిర్యాదు రాయడం

సెక్షన్లు తెలియవని జంకనక్కరలేదు. జరిగినది చెబితే చాలు, సెక్షన్లు వేసుకోవడం పోలీసుల పని. అయితే ఏ వాస్తవాలు రాయాలన్నది మాత్రం తెలిసి ఉండాలి. దీనికొక బలమైన కారణం ఉంది.

బాలల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణతో, ఆ చట్టం కింద మూడు నుంచి ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాలు నాన్-కాగ్నిజబుల్ అయ్యాయి. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనివి. పిల్లలను పనిలో పెట్టుకుని దోచుకోవడాన్ని శిక్షించే 79వ సెక్షన్ కూడా అందులో పడింది. పిల్లల రక్షణ కోసం చేసిన చట్టంలో ఈ మార్పు ఎందుకు తెచ్చారో నాకు ఎప్పటికీ మింగుడు పడదు. ఆచరణలో దీని ఫలితం ఏమిటంటే, మీరు ‘చిన్నపిల్ల చేత వెట్టిచాకిరీ చేయిస్తున్నారు’ అని మాత్రమే రాస్తే, ఇది నాన్-కాగ్నిజబుల్ కనుక కోర్టుకు వెళ్లమని చెప్పే అవకాశం స్టేషన్‌కు మిగులుతుంది.

దీనికి విరుగుడు కూడా చట్టంలోనే ఉంది. ఒక కేసులో అనేక నేరాలుండి వాటిలో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా కేసు మొత్తాన్ని కాగ్నిజబుల్‌గానే పరిగణించాలని నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతోంది. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ తరువాత కాగ్నిజబుల్ నేరం. కాల్చి గాయపరచడం, నేరాలూ శిక్షలూ చెప్పే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కింద కాగ్నిజబుల్. కనుక మన ఉదాహరణలో పిల్ల వయసు 14 లోపు అని, ఒంటి మీద కాలిన గాయం ఉందని రెండు వాస్తవాలనూ స్పష్టంగా రాయాలి. వయసు కచ్చితంగా తెలియకపోతే ‘చూడటానికి సుమారు’ అని రాయవచ్చు. వయసు నిర్ధారణ అధికారుల బాధ్యత.

నమూనాకు ఇలా రాయవచ్చు:

స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,
విషయం: సుమారు 11 ఏళ్ల బాలిక చేత ఇంటిపని చేయించడం, ఒంటిపై కాలిన గాయం – కేసు నమోదు చేసి, బాలికను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచవలసిందిగా వినతి.

అయ్యా, మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోని ఫలానా ఫ్లాట్‌లో చూడటానికి సుమారు 11 ఏళ్లున్న బాలిక గత కొన్ని నెలలుగా ఇంటిపని చేస్తూ కనిపిస్తున్నది. బడికి వెళ్లగా నేను చూడలేదు. ఫలానా తేదీ ఉదయం ఆమె ఎడమ ముంజేతిపై కాలిన పచ్చి గాయం చూశాను. ఎలా అయిందని మా వాచ్‌మన్ భార్య అడగగా ‘అమ్మగారు అట్లకాడ పెట్టింది’ అని చెప్పినట్టు ఆమె నాకు తెలిపింది. బాలిక స్వస్థలం మహబూబ్‌నగర్ వైపు అని విన్నాను. పై విషయాలపై కేసు నమోదు చేసి, బాలికకు వైద్యం అందించి, 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచవలసిందిగా కోరుతున్నాను. సద్భావంతో ఇస్తున్న ఈ సమాచారంలో నా పేరును గోప్యంగా ఉంచగలరు.

ప్రతులు: బాలల సంక్షేమ కమిటీ, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా, జిల్లా బాలల పరిరక్షణ అధికారి.

ఇందులో స్వస్థలం ప్రస్తావన అలంకారానికి పెట్టినది కాదు. పిల్లను చివరకు సొంత ఇంటికి చేర్చడానికి కమిటీ ఆ ఊరి వివరాలు సేకరించవలసి ఉంటుంది. 2015 జనవరిలో పాతబస్తీ భవానీనగర్ పరిసరాల్లోని గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను విడిపించినప్పుడు వారిలో ఎక్కువమంది బిహార్ పిల్లలే. అక్కడి ఇళ్ల ఆచూకీ తీసి పంపడం విడిపించడంతో సమానమైన పని అయింది. మీ చెవిన పడిన ఊరి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పిల్లను తెచ్చిన మధ్యవర్తి పేరు ఏదైనా రాయండి.

ప్రతులు రెండింటి కంటే ఎక్కువ కార్యాలయాలకు పంపడం నా దృష్టిలో అనవసరం. ముఖ్యమంత్రి మొదలుకొని పది చోట్లకు ఒకేసారి పంపితే ఒక్కొక్కరు ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని కిందకు తోసేస్తారు. చివరకు బాధ్యత ఎవరిదో తెలియకుండా పోతుంది.

స్టేషన్‌లో ఏం అడిగి తీసుకోవాలి

ఫిర్యాదు రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకోండి. రైటర్ గారు ‘పెట్టి వెళ్లండి, సార్ వచ్చాక చూస్తారు’ అంటే ‘అలాగేనండీ, అందినట్టు ముద్ర వేసివ్వండి’ అని కూర్చోండి. గొంతు పెంచవలసిన అవసరం లేదు. ఎఫ్‌ఐఆర్ అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలి. కాగ్నిజబుల్ నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో తేల్చిచెప్పింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం, డీఎస్పీ హోదా అధికారి అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపే వీలును కొత్త సంహిత ఇచ్చింది. అది చేస్తున్నామంటే ఎవరి అనుమతితో, ఏ తేదీ నుంచి అని అడగండి.

నాన్-కాగ్నిజబుల్ అని తేల్చినా సరే, సమాచారాన్ని పుస్తకంలో నమోదు చేసి, మిమ్మల్ని మేజిస్ట్రేటు వద్దకు పంపాలి. అలాంటి కేసుల డైరీ నివేదికను పక్షానికొకసారి మేజిస్ట్రేటుకు పంపాలి. పిల్లను కమిటీ ముందు హాజరుపరిచే బాధ్యత అప్పుడూ అలాగే ఉంటుంది. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలు దానికి గడువు. రాత్రి అయిందనో సెలవనో కమిటీ కూర్చోకపోతే ఒక సభ్యుడి లేదా సభ్యురాలి ముందు హాజరుపరిచినా చాలునని బాలల న్యాయ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ‘సోమవారం చూద్దాం’ అన్న మాటకు తావు లేదు. పోలీసులే కాదు, ఏ ప్రభుత్వోద్యోగి అయినా, సామాజిక కార్యకర్త అయినా, మీలాంటి పౌరుడైనా, చివరకు ఆ పిల్ల తానే అయినా కమిటీ ముందుకు వెళ్లవచ్చు. అయితే ఇంట్లో ఉన్న పిల్లను మీరే తీసుకెళ్లబోతే లేనిపోని చిక్కుల్లో పడతారు. విడిపించే పని పోలీసులకే వదలండి. తల్లిదండ్రుల నుంచి తప్పిపోయి వీధిలో ఒంటరిగా కనిపించిన పిల్ల విషయం వేరు. అక్కడ 24 గంటల్లోగా పోలీసులకో, 1098కో, కమిటీకో తెలపడం మీకూ విధే. తెలపకపోతే ఆరు నెలల వరకు జైలు, పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ.

జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో తెలంగాణలో పోలీసు, కార్మిక, శిశు సంక్షేమ శాఖలు కలిసి తనిఖీలు చేస్తాయి. ఆ నెలల్లో స్పందన చురుకుగా ఉంటుంది. అలాగని ఆగస్టులో చూసిన గాయాన్ని జనవరి దాకా దాచుకోకూడదు కదా.

లైంగిక నేరం జరిగిందనో జరగవచ్చనో అనుమానం ఉంటే

ఇక్కడ చట్టం మరింత కఠినం, అటు మీకూ ఇటు అధికారులకూ. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ, జరగవచ్చన్న ఆందోళన ఉన్నవారు సైతం, పోలీసులకు తెలపాలి. టీచరు, డాక్టరు, హాస్టల్ వార్డెన్ ఎవరైనా సరే. ‘ముందు మా ప్రిన్సిపల్ గారితో మాట్లాడతాం, మేనేజ్‌మెంట్ విచారిస్తుంది’ అనే పద్ధతి చట్టంలో లేదు. తెలపనివారికి ఆరు నెలల వరకు, సంస్థను నడిపేవారు తమ కిందివారి నేరాన్ని తెలపకపోతే ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. పరువు పోతుందని విషయాన్ని లోపలే సర్దేసే పాఠశాలలకు ఈ మాట గట్టిగా గుర్తుచేయవలసి వస్తోంది. సద్భావంతో ఇచ్చిన సమాచారం తరువాత నిలవకపోయినా మీపై చర్య ఉండదని అదే సెక్షన్ హామీ ఇస్తోంది.

పోలీసులు మీ సమాచారానికి నంబరు ఇచ్చి, రాసి, మీకు చదివి వినిపించాలి. నమోదు చేయని అధికారికి కూడా 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు శిక్ష ఉంది. 24 గంటల్లోగా సీడబ్ల్యూసీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. అనుమానితుడు పిల్ల ఉండే ఇంటివాడే అయితే పిల్లను 24 గంటల్లో కమిటీ ముందుకు తీసుకురావాలి. ఆమెను ఆ ఇంటి నుంచి తప్పించాలా వద్దా అన్నది కమిటీ మూడు రోజుల్లో నిర్ణయించాలి. పిల్ల వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచరాదు. వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకేచోట జరిగేలా హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం నగరంలో అందుబాటులో ఉంది. స్టేషన్‌లో ఉన్నప్పుడే ‘పిల్లను భరోసాకు పంపుతారా?’ అని అడగవచ్చు.

ఆస్పత్రికి వెళితే ఎఫ్‌ఐఆర్ కాపీ తెమ్మని తిప్పి పంపకూడదు. ప్రైవేటు ఆస్పత్రి అయినా ముందు ఉచితంగా వైద్యం చేయాలి, ఆపైన పోలీసులకు తెలపాలి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. దర్యాప్తు ముగించడానికి పోలీసులకున్న గడువు రెండు నెలలు.

పిల్ల కనబడకుండా పోతే

‘ఒక రోజు చూడండి, ఏ చుట్టాలింటికో వెళ్లి ఉంటుంది’ అనే మాటకు లోబడవద్దు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదును అపహరణగానే భావించి వెంటనే ఎఫ్‌ఐఆర్ చేయాలని 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరకకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. తాజా ఫొటో, ఆ రోజు వేసుకున్న బట్టలు, ఒంటి మీది గుర్తులు, పిల్ల దగ్గర ఫోన్ ఉంటే నంబరు తీసుకెళ్లండి.

కమిటీ విచారణలో ఏం జరగాలి

పిల్ల కమిటీ ముందుకు వచ్చిన తరువాత చాలామంది బాధ్యత తీరిందనుకుంటారు. అసలు విచారణ మొదలయ్యేది అక్కడి నుంచే. కమిటీ ముందుగా తాత్కాలిక ఆశ్రయం నిర్ణయిస్తుంది. బాలికలైతే నింబోలి అడ్డ వంటి ప్రభుత్వ హోం కావచ్చు, తల్లిదండ్రుల ఆచూకీ లేని పసివారైతే యూసఫ్‌గూడ శిశువిహార్ కావచ్చు. ఆపైన సామాజిక దర్యాప్తుకు ఆదేశిస్తుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉద్యోగి పిల్ల ఇంటికి, బడికి, ఇరుగుపొరుగు దగ్గరకు వెళ్లి నివేదిక తయారు చేస్తారు. దీనికి గడువు 15 రోజులు. పిల్లను మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి నాలుగు నెలల్లో కమిటీ తుది ఉత్తర్వు ఇవ్వాలి.

ఆ దర్యాప్తుకు వచ్చిన ఉద్యోగి మీ తలుపు తడితే దాచకుండా చెప్పండి. మీరు ముందు రాసుకున్న కాగితం ఇప్పుడు ఉపయోగపడుతుంది. మీరు టీచరైతే హాజరు పట్టీ చూపించండి. ఏ వారం నుంచి రావడం మానేసిందో అందులో ఉంటుంది కదా. చాలా నివేదికలు ఇద్దరు ముగ్గురి మాటలతో, ఒక్క సందర్శనతో ముగిసిపోతాయి. కనుక మీరిచ్చే ఒక తేదీ, ఒక సంఘటన నివేదిక దిశనే మార్చగలదు.

కమిటీ పిల్ల మాట వినాలి. ఆ వయసుకు తగిన విధంగా, భయపెట్టకుండా వినాలి. హోంలో ఉంచడం చివరి మార్గంగానే చూడాలన్నది చట్టం 3వ సెక్షన్‌లోని సూత్రం. తల్లిదండ్రులు పేదవారు, ఇల్లు రేకుల షెడ్డు అన్న కారణం పిల్లను దూరం చేయడానికి సరిపోదు. అలాంటప్పుడు పిల్లను ఇంటికే పంపి, స్పాన్సర్‌షిప్ ద్వారా సాయం చేసి, పర్యవేక్షణలో ఉంచే ఉత్తర్వు ఇవ్వవచ్చు. కోపంతో ఫిర్యాదు చేసేవారు కొందరు తల్లిదండ్రులను శిక్షించాలనే కోరుకుంటారు. కమిటీ చూసేది మాత్రం పిల్ల మేలునే. ఆ తేడా తెలిసి ఉంటే ఉత్తర్వు చూసి నిరుత్సాహపడరు.

బాల్య వివాహం జరగబోతోందని తెలిస్తే ఇదే కమిటీకి, ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే పథకం) అధికారులకు చెప్పాలి. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆ ఉత్తర్వును ధిక్కరించి చేసిన పెళ్లి చట్టం దృష్టిలో చెల్లదు. శుభలేఖ దొరికితే అదే మంచి ఆధారం.

కదలిక లేకపోతే

మొదట అడగవలసింది ‘ఏం చేశారు?’ అని కాదు, ‘ఏ తేదీన ఏం పంపారు?’ అని. కమిటీకి సమాచారం పంపిన తేదీ, సామాజిక దర్యాప్తుకు ఆదేశించిన తేదీ, నివేదిక అందిన తేదీ, ఈ మూడూ పిల్ల పేరు బయటపడకుండా చెప్పదగినవే. మాటగా చెప్పకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మామూలు గడువు 30 రోజులు. ప్రాణం, స్వేచ్ఛలకు సంబంధించినదైతే 48 గంటలు. పిల్ల వివరాలు, నివేదిక ప్రతి మాత్రం అడగకండి. అవి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నిరాకరిస్తే నాగరిక్ సురక్షా సంహిత 173లోని 4వ ఉపవిభాగం కింద ఫిర్యాదు సారాంశాన్ని పోస్టు ద్వారా పై అధికారికి పంపాలి. జిల్లాల్లో ఎస్పీకి, మన కమిషనరేట్లలో డీసీపీకి పంపుతారు. పోస్టు రసీదు భద్రపరచండి. అక్కడా ఫలితం లేకపోతే ఆ రసీదులతో, అఫిడవిట్‌తో మేజిస్ట్రేటును 175వ సెక్షన్ కింద దర్యాప్తుకు ఆదేశించమని కోరవచ్చు. ఈ మెట్లు దాటకుండా నేరుగా కోర్టుకు వెళితే ముందు అక్కడికి వెళ్లి రమ్మంటారు.

కమిటీయే మౌనంగా ఉంటే దాని పనితీరుపై ఫిర్యాదులు వినే అధికారి జిల్లా కలెక్టరేనని బాలల న్యాయ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. పిల్లతో సంబంధమున్న ఎవరైనా కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. సోమవారం ప్రజావాణిలో ఇస్తే రసీదు నంబరు కూడా వస్తుంది. అధికారుల నిర్లక్ష్యంపై తెలంగాణ రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు కూడా రాయవచ్చు. 2005 నాటి బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ల చట్టం కింద విచారణ జరిపేటప్పుడు దానికి సివిల్ కోర్టు అధికారాలుంటాయి, అధికారులను పిలిపించి రికార్డులు తెప్పించగలదు. పిల్లను అక్రమంగా బంధించి ఉంచారనిపిస్తే బంధించినవారిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో ఉండనే ఉంది. లాయరు ఫీజు గురించి వెనుకాడవద్దు. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. 15100కు ఫోన్ చేస్తే దారి చూపుతారు.

కమిటీ ఉత్తర్వే మీకు సమ్మతం కాకపోతే పిల్లల కోర్టులో అప్పీలు చేయాలి. పెంపుడు సంరక్షణ, స్పాన్సర్‌షిప్‌కు సంబంధించిన ఉత్తర్వులైతే కలెక్టరు దగ్గర. గడువు ఉత్తర్వు తేదీ నుంచి 30 రోజులు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గాని దానిమీద ఆధారపడటం మంచిది కాదు. అయితే ‘ఈ పిల్ల సంరక్షణ అవసరమైన కోవలోకి రాదు’ అని కమిటీ తేలిస్తే దానిమీద అప్పీలు లేదు, హైకోర్టులో రివిజన్‌కు (ఆ ఉత్తర్వు సక్రమమో కాదో పరిశీలించమని కోరడానికి) వెళ్లవలసి ఉంటుంది. కనుక ఉత్తర్వు వెలువడిన రోజునే, పిల్ల తరఫున అడిగే అర్హత ఉన్న తల్లిదండ్రుల చేతనో సంరక్షకుల చేతనో ధ్రువీకృత ప్రతికి దరఖాస్తు పెట్టించండి.